గొంతు రాని తీగ

“అచ్యుతాపురం, అచ్యుతాపురం!” అని బయట ఆటోవాడు గొంతు చించుకుంటున్నాడు. లక్ష్మీకుమారి చెవుల మీది హెడ్‌ఫోన్‌ని ఇంకాస్త నొక్కి పట్టుకుంది. అందులో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“అన్నయ్యా, ఇయ్యాల కూడా మాట రావట్లేదు.”

“రాదు సెల్లెమ్మా,” కౌంటరు దగ్గర పొట్టిబాబు తలెత్తకుండానే అన్నాడు. “టైపు సేసుకో. అది బానే ఎల్తంది గదా?”

అనకాపల్లిలో సగం వీధులకి కేబుల్ మీద ఇంటర్నెట్ ఇచ్చేది పొట్టిబాబే. బస్టాండు పక్కన ఈ నెట్ సెంటరూ అతనిదే. లక్ష్మీకుమారి మొగుడు లోవరాజుకి చిన్నప్పటి నుంచీ ప్రాణస్నేహితుడు. చేతి గాజులు అమ్మి ఏజెంటు చేతిలో పోసి, దుబాయ్ వెళ్ళమని మొగుణ్ణి బొంబాయి రైలెక్కించి ఎనిమిది నెలలైంది. ఆదివారం సెలవు పూట సాయంత్రం అతను కంప్యూటర్లో టైపు కొట్టి కబుర్లు చెబుతాడు. ఫోను చెయ్యమంటే కార్డు ఖరీదంటాడు. పోనీ నెట్‌లో మాట్లాడదామంటే, పొట్టిబాబు తీగలో పాటలొస్తాయి, బొమ్మలొస్తాయి, మనిషి గొంతు మాత్రం రాదు.

గొంతు వినకపోతే మనిషి ఉన్నాడని నమ్మకమేమిటి? ఆ అక్షరాలు అతనే కొడుతున్నాడా, పక్కన మరో ఆడది కూర్చుని కొడుతోందా? అనుమానం రాత్రీ పగలూ తొలిచేస్తోంది. అంతలోనే అతని మంచితనం గుర్తొచ్చి మనసు మెత్తబడుతుంది. మొన్న మధ్యలో కరెంటు పోయింది. అది వచ్చాక ఆమె మళ్ళీ కూర్చునేసరికి అతనూ అప్పుడే వచ్చి కూర్చున్నాడు, కాచుకున్నట్టు. ఒక్కసారి గొంతు వినిపిస్తే చీర పెడతానని నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది.

ఆ రోజు మరో ఇద్దరు పొట్టిబాబు మీదికి దండెత్తి వచ్చారు. ఒకరు బెల్లం వ్యాపారి భీమశంకరరావు, రెండోవారు కాలేజీలో పాఠాలు చెప్పే సుచిత్ర.

“ఏమయ్యా, మా ఇంటి నెట్‌లోనూ మాటలు ఆపేశావట! కటక్ బేరగాళ్ళతో మాట్లాడదామంటే లైనే కలవదు,” అన్నాడు భీమశంకరరావు.

“పక్కనే ఎస్టీడీ బూత్ ఉంది కదండీ ఈయనకి,” అంది సుచిత్ర. “నెట్‌లో మాట్లాడేసుకుంటే బూత్‌కి ఎవరొస్తారు? అందుకే నొక్కేశారు. తీగలో ఏది వెళ్ళినా ఇచ్చేవాడు ఒకేలా చూడాలి. దాన్నే నెట్ న్యూట్రాలిటీ అంటారు. ప్రభుత్వం చట్టం చేస్తే గానీ వీళ్ళు దారికి రారు.”

“చట్టమా?” భీమశంకరరావు ఉలిక్కిపడ్డాడు. “ప్రభుత్వం వేలు పెడితే ఇన్‌స్పెక్టర్లు దిగుతారమ్మా. మా మార్కెట్ చూడండి. బెల్లం దిమ్మలు వరసగా పేరుస్తాం, వేలంపాట వరసగా సాగుతుంది. సరుకు మునగపాకదా, దేవరాపల్లిదా అని ఆగేది లేదు. ఎవడు చట్టం చేశాడు? అది మా కట్టుబాటు.”

“మీ మార్కెట్‌కి కమిటీని వేసిందెవరు? ప్రభుత్వమే కదా!”

“అది వేరు.”

“ఎలా వేరు?”

పొట్టిబాబుని కడిగేద్దామని వచ్చినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇందులో తన పక్షం ఎవరో లక్ష్మీకుమారికి ఎంతకీ అంతుపట్టలేదు.

“నా తీగ, నా ఇష్టం,” అన్నాడు పొట్టిబాబు. మాటలో మాత్రం పొగరు లేదు. కిందటివారం పైనుంచి ఆర్డరన్నాడు. అంతకుముందు లోడు ఎక్కువన్నాడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషికి ఈ అవస్థ ఏమిటో!

“తీగ నీదే అన్నయ్యా. అందులో ఎల్లే మాట నాది గదా?” లక్ష్మీకుమారి లేచి నిలబడింది. “మీ బావ గొంతు ఇని ఎనిమిది నెల్లయింది. మనిషి ఉన్నాడో లేడో తెల్డం లేదు.”

“బానే ఉన్నాడు సెల్లెమ్మా. నా మాట నమ్ము.”

“నీకెలా తెలుసు?”

అతను కౌంటరు మీది కాయితాలు సర్దసాగాడు. ఈలోగా సుచిత్ర కళ్ళు కౌంటరు మీదున్న హెడ్‌ఫోన్ మీద పడ్డాయి.

“మీ సిస్టంలో మాటలు వెళ్తున్నాయన్నమాట!”

“అది... లైను టెస్టింగుకి మేడం.”

“దొరికావు!” అన్నాడు భీమశంకరరావు. ఇంతసేపటికి ఆ ఇద్దరికీ మాట కలిసింది. “ఆ అమ్మాయిని అక్కడ కూర్చోబెట్టు. లేదంటే మా బజారంతా నీ కేబుల్ పీకించేస్తాను.”

“వద్దు సెల్లెమ్మా. ఈ రోడ్డు గోలకి ఏటీ ఇనబడదు.”

ఆమె వినిపించుకోలేదు. వెళ్ళి అతని కుర్చీలో కూర్చుంది. తెర మీద పొట్టిబాబు చాటింగ్ తెరిచే ఉంది. పేర్ల వరసలో లోవరాజు పేరు పక్కన పచ్చదీపం వెలుగుతోంది. సుచిత్ర చూపించిన చోట నొక్కింది. పొట్టిబాబు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

హెడ్‌ఫోన్ గరగరమంది. తర్వాత గొంతు వచ్చింది.

“ఏటి బావా, ఈ టయానికి పిలిసేవు?”

అతనే! లక్ష్మీకుమారికి కళ్ళనీళ్ళు ఆగలేదు. మరో ఆడదీ లేదు, ఎవరో కొట్టిన అక్షరాలూ కావు. తన మనిషి క్షేమంగా ఉన్నాడు. ఇన్నాళ్ళూ అనుమానించినందుకు సిగ్గేసింది కూడా. వెనకాల భీమశంకరరావు గెలిచినట్టు మీసం దువ్వుకున్నాడు.

“నేనండీ... లచ్చిమిని.”

అవతల కుర్చీ కిర్రుమంది.

“మాటాడరేటి?” అంటూ ఆమె హెడ్‌ఫోన్‌ని చెవులకి గట్టిగా అదిమిపెట్టుకుంది.

అతని ఊపిరి వెనకాల ఎవరో కండక్టరు అరుస్తున్నాడు: “అనకాపల్లి, అనకాపల్లి!”