అత్తగారి చెవిలో పాటలు

ఛార్జింగ్ అయిపోయిందని అత్తగారి మ్యూజిక్ ప్లేయర్‌ను కోడలు తన ల్యాప్‌టాప్‌కి తగిలించింది. ప్లేయర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ తనంతట తానే తెరుచుకుంది. “ఈ కంప్యూటర్‌లో ఉన్న పాటలే ప్లేయర్‌లోనూ ఉంచాలా?” అని అడిగింది. ఏదో ఒకటిలే అని ‘సరే’ నొక్కింది కోడలు.

ల్యాప్‌టాప్‌లో ఒక్క పాటా లేదు. ఇప్పుడు చూస్తే ప్లేయర్‌లోనూ లేదు.

వెనక్కి తెద్దామంటే పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ మారుద్దామంటే పాతది చెప్పమంది.

“దీన్ని చేసినవాడి ఇల్లు బంగారంగానూ!”

చేసేది లేక హాల్లోకి వెళ్లింది. అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

“అత్తయ్యా, మీ పాటలన్నీ చెరిపేశాను. తెలియక నొక్కేశాను.”

“పాటలెక్కడివే పిచ్చిదానా! కొన్న రోజే నన్నూ ఆ పాస్‌వర్డే అడిగింది. నా వల్ల కాక వదిలేశా.”

“మరి పొద్దస్తమానం చెవుల్లో పెట్టుకుని...”

“ఇంత చిన్న ఇంట్లో నువ్వూ మావాడూ పోట్లాడుకుంటుంటే నేనెక్కడికి పోనే? వినపడనట్టు కూర్చోవడానికి అదొకటి ఉండాలిగా.”



అత్తగారు ఒక దొంతరను ఆమె చేతుల్లో పెట్టింది. “నీ బట్టలు విడిగా మడతపెట్టాను. శుక్రవారం వెళ్లిపోతానని వాడితో అన్నావుగా.”

కోడలు నోరు తెరిచేలోపే, అత్తగారు మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్లు మళ్లీ చెవుల్లో పెట్టేసుకుంది.