చెంబెడు నీళ్లు

పగటి నిద్రలో వచ్చిన కలకు నాగులమ్మ ఉలిక్కిపడి లేచింది.

కలలో పోలింగ్ బూత్ తమ ఇంటి వసారాలోనే ఉంది. ఎవరో పెద్దమనిషి, భుజాన ఎర్రగళ్ల తువ్వాలు, గుమ్మంలో నిలబడి మంచినీళ్లు అడిగాడు. ఆమె చెంబు తెచ్చి ఇచ్చింది. చూస్తే అందులో నీళ్లు లేవు, సిరా ఉంది.

ఆ మనిషి ఆమె కొడుకు కేశవ వేలు పట్టుకుని చెంబులో ముంచాడు. సిరా వేలి మీద ఆగలేదు. మోచేతికి పాకింది, భుజానికి పాకింది. కేశవ నవ్వుతూనే ఆ మనిషి వెంట బయటికి నడిచాడు. మళ్లీ రాలేదు.

టీవీలో ఎన్నికల గొడవలు చూస్తూ పడుకుంటే అలాంటి కలలే వస్తాయని కోడలు కరుణశ్రీ తేలిగ్గా తీసేసింది.

నాగులమ్మకు అంత తేలిగ్గా పోలేదు. సర్పంచ్ ఎన్నిక దగ్గరకొచ్చేసింది. కేశవ బూత్ ఏజెంటు. పోయినసారి ఏజెంటుగా కూర్చున్న ఆమె మరిది ఇప్పటికీ కుంటుతూనే ఉన్నాడు. ఎవరు గెలిచినా ఆమెకు ఒకటే. ఉన్న ఒక్క కొడుకు ఒంటి మీద దెబ్బ పడకుండా ఆ నాలుగు రోజులు గడిస్తే చాలు.

వింజమూరు పక్కనున్న ఆ ఊళ్లో ఒక పట్టింపు ఉంది. ఎన్నికల నెల వచ్చిందంటే అవతలి పార్టీ వాళ్ల ఇంట్లో ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టరు. వియ్యంకులైనా సరే, గడప బయట నిలబడి మాట్లాడి వెళ్లిపోతారు. ఫలితాలు వచ్చాక మళ్లీ భోజనాలకు పిలుచుకుంటారు. అన్నాళ్లూ చుట్టరికాలకు సెలవన్నమాట.

మర్నాడు పొద్దున గుమ్మం ముందు ఒకాయన నిలబడ్డాడు. పెద్దవయసు, కొత్త ముఖం. భుజాన ఎర్రగళ్ల తువ్వాలు.

నాగులమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కేశవ ఇల్లు ఇదేనామ్మా?"

"ఎవురు మీరు?"

"మాది కలువాయి దగ్గిర. ఆయనకొక మాట చెప్పాల."

"నాకు చెప్పండి. నేను వాళ్లమ్మను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "తల్లికి చెప్పే మాట కాదమ్మా. ఆయనకే చెప్పాల."

ఎండలో నడిచి వచ్చాడేమో, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఎంత భయమున్నా, వాకిట్లోకి వచ్చిన మనిషికి నీళ్లివ్వకుండా ఉండలేక చెంబు తెచ్చి ఇచ్చింది. ఆయన అందుకున్నాడు గానీ తాగలేదు. చెంబులోకి చూస్తూ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

అవతలి పార్టీయే, ఇక అనుమానం లేదు అనుకుంది.

కేశవ వెనకగదిలో నిద్రపోతున్నాడు. ప్రచారంలో తిరిగి తిరిగి తెల్లవారాక వచ్చి పడుకున్నాడు.

"మావాడు ఊళ్లో లేడు" అంది నాగులమ్మ. "నెల్లూరు పోయినాడు. ఎన్నికలయ్యేదాకా రాడు."

"నిజమేనా?"

"కన్నకొడుకు మీద అబద్ధమాడతానా?"

ఆయన ముఖం తేటపడింది.

"మంచిపని చేసినాడు. ఎవురు పిలిచినా రావద్దని చెప్పండి."

అంటూనే చెంబెత్తి గడగడా తాగేశాడు. ఖాళీ చెంబు అరుగు మీద పెట్టి, బస్సు టైమైందని వెళ్లిపోయాడు.

ఎన్నికల నెలలో ఒక ఇంట నీళ్లు తాగినవాడు ఆ ఇంటికి కీడు తలపెట్టి వచ్చినవాడు కాడని ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నాగులమ్మకూ ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఆ తువ్వాలు మలుపు తిరిగేదాకా ఆమె చూపు దాని మీదే ఉంది. ఒక ఏజెంటు తగ్గాడని సంబరపడ్డాడు కాబోలు అని సరిపెట్టుకుంది. కొడుకును దాచుకున్నందుకు తనను తానే మెచ్చుకుంది కూడా.

కేశవ లేచాక ఆ సంగతి చెప్పలేదు. చెబితే అతనెవరో చూసొస్తానని పరిగెత్తే రకం.

సాయంత్రం ఏజెంటు పాసుకు ఫోటో కావాలని అతను బైకు మీద వింజమూరు బయల్దేరాడు. వద్దంటే నవ్వి వెళ్లాడు. దారిలో కల్వర్టు దగ్గర ఎవరో కాపు కాసి తల మీద కొట్టారు.

పోలింగ్ రోజుకు కేశవ నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు. తలకు కట్టు. కుడిచెయ్యి భుజం దాకా కమిలి నల్లబడింది. కళ్లు తెరవలేదు. తెరుస్తాడో లేదో డాక్టర్లు చెప్పలేదు.

నాగులమ్మ ఆ చేతిని చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడవాల్సిందంతా ఆ కలలోనే అయిపోయినట్టు ఉంది. కోడలు అన్నం తెస్తే తింది. ఏం కూరో తెలియలేదు.

మధ్యాహ్నం నుంచి ఊరివాళ్లు రావడం మొదలుపెట్టారు. ఓట్లేసి బస్సెక్కి వచ్చారు. అందరి వేళ్ల మీదా సిరా గుర్తు. పోలింగ్ బాగా జరిగిందని, మనమే గెలుస్తామని ఎవరో చెప్పారు. ఆమె తలూపింది.

వరండా చివర నేల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎర్రగళ్ల తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమెలాగే ఆయన వేలికీ సిరా లేదు.

నాగులమ్మ లేచి, కాపలా ఉన్న కానిస్టేబుల్ జోసెఫ్ దగ్గరికి వెళ్లింది. మొన్న ఇంటికొచ్చి కూపీ లాగింది ఆ మనిషేనని, పట్టుకోమని చెప్పింది. గొంతులో కోపం కూడా లేదు.

జోసెఫ్ అటు చూసి గొంతు తగ్గించాడు.

"కొట్టినోడు నిన్ననే దొరికినాడమ్మా. నరసింహ అని, అవతలి అభ్యర్థికి మేనల్లుడు. ఆ కూర్చున్నాయన వాడి నాయన. కొడుకును తెచ్చి స్టేషన్లో అప్పజెప్పింది ఆయనే."

వరండా చివరికి వినబడకుండా ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"కొడుకు కొట్టే పనిమీదుండాడని తెలిసి, మీవాడిని కాపాడదామనే ఆ పొద్దు మీ ఇంటికొచ్చినాడంట. ఊళ్లో లేడని మీరంటే నమ్మి, ఇద్దరు బిడ్డలూ బతికిపోయినారనుకుని, మీ ఇంట నీళ్లు తాగి పోయినాడంట."