ఎండ బస్తా, నీడ బస్తా

"ముందు నీడ బస్తా ఆడించండి" అన్నాడు కొడుకు మిల్లు యజమానితో. అది కోడలి బస్తా. ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

ఒకే మడిలో, ఒకే రోజు కోసిన వడ్లు. నీడన నిదానంగా ఆరబెడితేనే గింజ విరగదని కోడలు. గచ్చు మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పోస్తే రెండు రోజుల్లో పని తెములుతుందని అత్త. వారంగా ఇంట్లో ఇదే రభస. చివరికి చెరొక బస్తా పంచుకున్నారు. ఎవరి బియ్యం నిలిస్తే మిగతా పంటంతా వాళ్ళ పద్ధతిలోనే ఆరబెట్టాలి. గింజ నిలిస్తే పంట మొత్తం తీసుకుంటానని యజమాని మాటిచ్చాడు. విరిగితే కోళ్ళ దాణాకే.

తేమ మీటరు రెండు బస్తాలకూ ఆడించడానికి సరిపడే పదమూడు శాతమే చూపించింది. ఇక తేల్చాల్సింది మిల్లే.

నీడ బస్తా పోశారు. సగానికి సగం నూక. యజమాని పెదవి విరిచాడు. అత్తగారు దెప్పుతుందనుకుంటే ఆవిడ తన బస్తా వైపే చూస్తూ నిలబడింది. తర్వాత ఎండ బస్తా పోశారు. గింజ చెక్కుచెదరలేదు.

"పెద్దమ్మగారి చెయ్యి పడితే అంతే మరి" అని యజమాని మెచ్చుకున్నాడు.

కొడుకు అప్పటికే ఇంటికి ఫోను చేసి, మిగతా వడ్ల కుప్పంతా గచ్చు మీద పలచగా పరిచేయమని కూలీలకు పురమాయిస్తున్నాడు. బయట ఎండ పేలిపోతోంది. కోడలు భర్త దగ్గరికి నడిచింది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే పంటే పోతుంది. చటుక్కున భర్త చేతిలోంచి ఫోను లాక్కుని, కుప్ప మీద చెయ్యి వెయ్యొద్దని కూలీలకు చెప్పింది.

"నాది నీడలో ఆరిన బస్తా కాదండీ" అంది తల వంచుకుని. "మొన్నటికి కూడా తేమ పదిహేడు దగ్గరే ఉంది. ఓడిపోతానని భయమేసి, నిన్న ఎవరూ చూడకుండా డాబా మీద ఎండలో పోశాను. అందుకే విరిగింది."

కొడుకు నోరెళ్ళబెట్టాడు. "మరి అమ్మ బస్తా ఎండలోనే కదా ఎండింది? దానికేం కాలేదేం?"

అందరూ అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీకు కనబడాలని గచ్చు మీద పోసినవి పోయినేటి వడ్లురా. ఈ బస్తా నా గదిలో, తలుపేసుకుని, ఫ్యాను కింద ఆరబెట్టాను."