తాడు చివర

"కాగితం తియ్యి. ఎవడో తేలాలి, ఈ రోజే వాడి రెక్కలు కత్తిరించాలి!"

పైలట్ హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద పడేశాడు. బయట అతని విమానం ఇంజను ఇంకా చల్లారనే లేదు. ఇంజను లేని గ్లైడర్లని తాడు కట్టి పైకి లాక్కెళ్లి, అక్కడ వదిలి రావడం అతని పని. పొద్దున్నుంచి ఇది పదిహేడోసారి. రెండో పైలట్ సెలవు పెట్టాడు. పుణ్యాత్ముడు, ఇంట్లో నిద్రపోతుంటాడు.

మైదానం ఇన్‌ఛార్జి స్వయానా అతని బావమరిది. జెండా ఊపి ఊపి అతని భుజం కూడా పడిపోయింది. ఆ చివరి గ్లైడర్ నేల వదలగానే లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ముందు మంచినీళ్లు తాగు బావా."

"నీళ్లెందుకు? రాసుకో. ఆరొందల మీటర్ల దగ్గర గ్లైడర్ తాడు వదలాలి, అది కుడికి పోవాలి, నేను ఎడమకి తిరిగి దిగాలి. అంతే కదా పద్ధతి? ఆరొందలు రాగానే తిరిగాను. తిరిగేసరికి నా ముక్కు కింద ఇంకో గ్లైడర్! ఇంత దూరం!" రెండు చేతులూ చాచి చూపించాడు. "పైకి లాగాను కాబట్టి బతికాను. లేకపోతే ఈపాటికి నువ్వు గోనెసంచి పట్టుకుని ముక్కలేరుతుండేవాడివి."

"రంగు?"

"తెలుపు."

"అన్నీ తెలుపే బావా. నంబరు?"

"యముడు ఎదురొస్తే దున్నపోతు నంబరు చూస్తామా?"

ఇన్‌ఛార్జికి నవ్వే ఓపిక కూడా లేదు. తలుపులోంచి బయటికి చూశాడు. గడ్డిలో రెండు గ్లైడర్లు రెక్క వాల్చుకుని ఉన్నాయి. మూడోది చక్రం ఊడదీసి షెడ్డులోనే ఉంది.

"మనవి మూడూ కిందే ఉన్నాయి. నాలుగోది నువ్వు తీసుకెళ్లింది."

"అయితే పక్క మైదానం వాళ్లదే. మొన్న కూడా ఇటే తిరిగారు. నా జాగ్రత్తలో లోపం లేదయ్యా. వెనక వచ్చేది చూసుకునే అద్దంలోంచి ఎండ కళ్లలో పొడుస్తుంటే, దాన్ని పక్కకి తిప్పేసి మరీ ముందుకే చూస్తూ పోతున్నాను."

గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు. గొంతు తగ్గించాడు.

"నా తాడుకి ఎవరున్నారో తెలుసు కదా? నీ మేనకోడలు. ఒంటరిగా ఎక్కడం ఇవాళే మొదలు. ఎంత బాగా వచ్చిందనుకున్నావు! ఒక్క కుదుపు లేదు. ఇంజను కూడా తేలిగ్గా లాగేసింది, బరువే తెలియలేదు. అది వదలడం ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే, నాతోపాటు అదీ..."

మాట పూర్తి కాలేదు. పదిహేడుసార్ల అలసటంతా అప్పుడే మీద పడ్డట్టు కళ్లు మూసుకున్నాడు.

ఇన్‌ఛార్జి కాగితం జరుపుకుని రాయడం మొదలుపెట్టాడు. "ఏమని రాయమంటావు?"

"ఆ తప్పు చేసింది ఎవరైనా సరే, మళ్లీ జన్మలో విమానం సీట్లో కూర్చోకూడదని రాయి. జాలి, మొహమాటం వద్దు."

రాశాడు. పైలట్ చదవకుండానే సంతకం పెట్టాడు.

అప్పుడే కూతురు లోపలికి వచ్చింది. పారాచూట్ సంచి ఇంకా వీపునే ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పైలట్ గబగబా ఎదురెళ్లి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"వచ్చావా తల్లీ! వాణ్ణి చూశావా? నా వెనకే ఉన్నావుగా, ఎవడు వాడు? మావయ్యకి చెప్పు. సంతకం కూడా పెట్టేశాను."

ఆ పిల్ల బల్ల మీది కాగితం చూసింది. నాన్న ఎర్రబడ్డ కళ్లు చూసింది. తిట్టాలని వచ్చింది గానీ, తిట్టలేకపోయింది.

"నీ వెనక లేను నాన్నా. సగం దారిలోనే పైకెత్తే మంచి గాలి తగిలితే తాడు వదిలేశాను. చెబుదామంటే ఆ పాత రేడియో పలకదాయె. నువ్వు ఉత్త తాడు లాక్కుంటూ పోయావు. నేను కింద ఆ గాలిలోనే చుట్లు తిరుగుతూ పైకొస్తున్నాను."

సంచి బరువుకో, మరి దేనికో, బెంచీ మీద కూలబడింది.

"నీ ముక్కు కిందికొచ్చింది నేనే."