బస్సుకో దొంగ కావాలి

దొంగ దొరక్కపోవడం కాదు, అసలు దొంగే లేకపోవడం ప్రసన్నకుమార్‌కి వచ్చిన చిక్కు.

అతనిది నెల్లూరు. అబుదాబిలో ఒక సెక్యూరిటీ కంపెనీకి సూపర్‌వైజరు. సిటీ బస్సుల్లో దొంగతనాలు, గొడవలు జరక్కుండా చూసే పని ఆర్నెల్ల కాంట్రాక్టు మీద ఆ కంపెనీకి దక్కింది. ముప్ఫై రెండుమంది గార్డులు యూనిఫారం వేసుకుని, మూతికి మాస్కు కట్టుకుని పొద్దున్నించీ బస్సుల్లో తిరుగుతున్నారు. కరోనా రోజులు కాబట్టి, మాస్కు లేనివాళ్ళని స్టాపులోనే ఆపెయ్యడం కూడా వాళ్ళ పనే. ఐదు నెలలు గడిచినా ఒక్క జేబైనా తెగలేదు, ఒక్క సంచీ అయినా పోలేదు.

బస్సుల ఆఫీసు ముదీర్, అంటే మేనేజరు, రిపోర్టులన్నీ తిరగేసి నవ్వాడు. మీవాళ్ళు రాకముందూ ఏం జరగలేదు, వచ్చాకా ఏం జరగలేదు, మరి మీరెందుకయ్యా అన్నాడు. కాంట్రాక్టు పోతే ముప్ఫై రెండు వీసాలు ఖలాస్. అందులో సగంమంది అప్పుచేసి వచ్చినవాళ్ళే.

పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ప్రసన్నకుమార్ ఎన్నడూ దొంగ రిపోర్టు రాయలేదు. అందుకే, రాసేదేదో జరిపించే రాద్దామనుకున్నాడు.

రూములో ఉండే దయాకర్ తన ఊరివాడొకణ్ణి చూపించాడు. పేరు భోజన్న. బనియాస్‌లో ఒక లేబర్ క్యాంపు మెస్సులో వంట చేస్తాడు. ప్రసన్నకుమార్ అతన్ని చూసింది లేదు, ఫోన్లోనే రెండుసార్లు మాట్లాడాడు. గురువారం పదకొండు గంటల బస్సు. నల్ల టోపీ పెట్టుకుని ఎక్కాలి. చేతిలో బిర్యానీ పొట్లంతో ఉండే తన పక్కన నిలబడి, ప్యాంటు వెనక జేబులోంచి పర్సు లాగాలి. గార్డు పట్టుకోగానే తప్పయిందని ఏడవాలి. పోలీసుల దాకా పోనివ్వకుండా వదిలించే పూచీ తనది. పని అయ్యాక ఆ బిర్యానీ కూడా భోజన్నకే. భోజన్న భయపడుతూనే ఒప్పుకున్నాడు.

ఆ బస్సులో డ్యూటీ గౌసియాది. కడప పిల్ల, చేరి రెండు నెలలైంది, చురుకు. ఆమెకి ఈ సంగతి చెప్పలేదు. మామూలు చెకింగుకి వచ్చినట్టు ప్రసన్నకుమార్ సివిల్ బట్టల్లో ఎక్కి, చేతిలో బిర్యానీ పొట్లంతో మధ్యలో నిలబడ్డాడు.

మూడో స్టాపులో నల్ల టోపీ ఎక్కింది. మాస్కు మీద రెండు కళ్ళు తప్ప ఇంకేం కనిపించలేదు. ఆ మనిషి అటూ ఇటూ చూసి, జరుగుతూ జరుగుతూ వచ్చి ప్రసన్నకుమార్ వెనక ఆగాడు. బస్సు మలుపు తిరిగింది. పర్సు ఎప్పుడు పోయిందో ప్రసన్నకుమార్‌కే తెలియలేదు. తడుముకుంటే జేబు ఖాళీ. కూరగాయలు తరిగే చెయ్యికి ఇంత నేర్పు ఎక్కడిదా అని ఆశ్చర్యపోయాడు.

అతను నోరు తెరిచేలోపే గౌసియా వచ్చిపడింది. ఒక్క మెలికతో ఆ మనిషి చెయ్యి వెనక్కి విరిచి, చొక్కాలోంచి పర్సు బయటికి తీసింది. బస్సంతా చప్పట్లు కొట్టారు. ప్రసన్నకుమార్‌కి నిజంగానే ఒళ్ళు పులకరించింది. ఇంత మంచి గార్డులా ఇంటికి పోవాల్సింది అనుకున్నాడు.

తరవాతి స్టాపులో ముగ్గురూ దిగారు. టోపీ మనిషి హిందీలో బావురుమన్నాడు. ముగ్గురు పిల్లలున్నారన్నాడు, తల్లికి ఒంట్లో బాగాలేదన్నాడు, గౌసియా కాళ్ళ మీద పడబోయాడు. తెలుగు ఒక్క ముక్క రానివ్వకుండా భలే నటిస్తున్నాడని ప్రసన్నకుమార్ లోలోపల మెచ్చుకున్నాడు.

గౌసియా పోలీసులకి ఫోన్ చెయ్యబోయింది. అతను వద్దని వారించాడు.

"ఇడ్సిపెడితే ఎట్ల సార్? రేపు ఇంకోరి జేబు కొడతాడు," అంది గౌసియా.

"పర్సు నాది. పోయింది నాదే, దొరికింది నాకే. నాకు కేసు వద్దమ్మా. నువ్వు రిపోర్టు మాత్రం రాయి," అన్నాడు ప్రసన్నకుమార్.

అంతటితో ఊరుకోలేదు. ఆ మనిషి భుజం తట్టి, బిర్యానీ పొట్లం చేతిలో పెట్టాడు. అతను పొట్లం వంకా ప్రసన్నకుమార్ మొహం వంకా మార్చి మార్చి చూశాడు. ఇంకేం అడుగుతారోనన్నట్టు రెండడుగులు వెనక్కి వేసి, అక్కణ్ణించి పరుగు తీశాడు. గౌసియా తన సూపర్‌వైజర్‌కి ఎండదెబ్బ తగిలిందేమోనన్నట్టు చూసి, కాగితం తీసి రాసుకుంది.

గంటలోపే ముదీర్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. బస్సు కెమెరాలో అంతా చూశాడట. ఆ అమ్మాయి ఎవరు, శభాష్ అన్నాడు. గార్డులు ఎందుకుండాలో ఇవాళ అర్థమైందన్నాడు. ఆదివారం వచ్చి ఇంకో రెండేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టుకోమన్నాడు.

ప్రసన్నకుమార్ ఆఫీసు గదిలో కుర్చీలో వెనక్కి వాలాడు. ముప్ఫై రెండు కుటుంబాలు నిలబడ్డాయి. ఒక్క అబద్ధపు దొంగతనం మాత్రం మనసులో కలుక్కుమంటోంది. పోనీలే, దానివల్ల ఎవరికీ నష్టం లేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. ముందు ఆ వంటవాడికి కృతజ్ఞత చెప్పాలనిపించి ఫోన్ చేశాడు.

"భోజన్నా, ఇంత పనివాడివని అనుకోలేదయ్యా. నీ మేలు మరిచిపోను," అన్నాడు.

అవతల భోజన్న గొంతు నీరసంగా వినపడింది.

"మాఫ్ చెయ్యన్నా, మాస్కు తాడు తెగిందని మీ సెక్యూరిటోళ్ళు నన్ను బస్సు ఎక్కనియ్యలే, ఇందాకటి సంది స్టాపులనే నిలవడ్డ, ఇంకో బస్సుకు రావాల్నా?"