కాళ్ళు పట్టుకున్నాయన

ముంచింగిపుట్టు సంతలో ఉప్పూ ఎండుచేపలూ అమ్ముకుంటున్న అప్పన్న ఉలిక్కిపడ్డాడు.

ఎవరో ముసలాయన వంగి అతని రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

"ఏటిది తాతా, ఒగ్గు! పెద్దోడివి నా కాళ్ళట్టుకుంటే నాకు ఆయుస్సు తగ్గిపోద్ది!"

ముసలాయన వదల్లేదు. ఒక చెయ్యి వాచిన ఎడమ పాదం మీద, ఇంకొకటి కుడి పాదం మీద ఆనించి చూస్తున్నాడు.

"దోసెడు ఉప్పు పడీండి, పోతాడు," అంది అప్పన్న భార్య రత్నాలు.

"ఈ పాదం కాలిపోతోంది. అది చల్లగా ఉంది. సుగరుందా బాబూ?" అన్నాడు ముసలాయన.

"ఉంది."

"నొప్పి?"

"ఇసుమంత కూడా లేదు. సీము పట్టిందని సూదుల డాక్టరు రోజూ పెన్సిలిన్ పొడుత్తున్నాడు."

"పుండు లేదు, జ్వరం లేదు. ఇది చీము కాదు. లోపల ఎముకలు విరుగుతున్నాయి. సుగరు వల్ల నీకు తెలియడం లేదు. ఆ సూదులు మానేసి పట్నంలో పిండికట్టు వేయించుకో. అందాకా కాలు కింద పెట్టకు. నీకు దణ్ణం పెడతాను."

"కాలు కింద ఎట్టకపోతే సంతలు నువ్వు తిరుగుతావేటి?"

చుట్టుపక్కల వాళ్ళు గొల్లున నవ్వారు.

ముసలాయన మరుసటి సంతకీ వచ్చాడు. అప్పన్న కాళ్ళు గోనెసంచి కింద దాచేసుకున్నాడు.

సూది పడితేనే వైద్యమని నమ్మే మనిషి. సూదులు పడుతూనే ఉన్నాయి, అతను సంతలు తిరుగుతూనే ఉన్నాడు.

వానలు వెనకబట్టేసరికి పాదం కుంగి, పడవ అడుగులా ఉబ్బింది. అరికాలు పగిలి, ఈసారి నిజంగానే చీము పట్టింది. ఎర్రబస్సులో పట్నం ఆస్పత్రికి తీసుకెళితే మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

"మొదట్లోనే పిండికట్టు వేస్తే కాలు దక్కేది. ఎవరూ చెప్పలేదా?" అన్నాడు కుర్ర డాక్టరు.

రత్నాలు బావురుమంది.

"ఓ ముసలాయన కాళ్ళట్టుకుని మరీ సెప్పాడు బాబూ. అడుక్కునేవోడనుకున్నాం."

డాక్టరు మంచం అంచున కూలబడ్డాడు.

"రెండు పాదాలూ పట్టుకుని చూశారా?"

"అవును. నీకెరికా బాబూ?" అన్నాడు అప్పన్న.

"మా మాస్టారు. ఒకప్పుడు పెద్ద సర్జను, ఇప్పుడు సంతల్లో వాచిన కాళ్ళు పట్టుకుని చూస్తున్నారని విన్నాను. ఇలాంటి వాపునే చీము పట్టిందనుకుని ఒకావిడ కాలు తీసేశారు. పొరపాటని తర్వాత తెలిసింది. ఆ రోజే కత్తి వదిలేసి కొండలెక్కారు."

"ఒక్క పొరపాటుకేనా బాబూ?"

"ఆవిడ ఆయన భార్య."