గడియ ఏ వైపు

“నాన్నా, గడియ బయటివైపు బిగించావేంటి?”

స్క్రూడ్రైవర్ పట్టుకున్న తండ్రి ఆగి చూశాడు. నిజమే. వేసవి సెలవులన్నీ కొత్తగా కొన్న ఈ పాత ఇంటి మరమ్మతులకే సరిపోయాయి. గోడలు గీకి రంగులు వేశాడు, కుళాయిలు మార్చాడు. అక్కడెక్కడా పొరపడనివాడు పదమూడేళ్ల కూతురి గది తలుపు దగ్గర తడబడ్డాడు.

“కోళ్లగూటికి పెట్టినట్టు పెట్టావు కదరా,” అంది అతని తల్లి, కిటికీ ఊచలకు రంగు పూస్తూ.

“అయినా దీనికి లోపల గడియెందుకమ్మా? మనింట్లో పరాయివాళ్లెవరున్నారు?” అన్నాడతను తల్లితో.

“పరాయివాళ్లకైతే వీధి తలుపుంది కదా. ఇది మీకోసమే,” అంది కూతురు.

ముసలావిడ ఫక్కున నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ అద్దెకున్న ఒంటిగదిలో ఆ పిల్ల నిద్రలో కలవరించినా అతనికి వినబడేది. పొరబడింది చేయి కాదని, మనసే ఆ పని చేయించిందని తోచింది.

స్క్రూలు విప్పి, గడియను లోపలివైపు బిగించాడు. కూతురు లోపలికి వెళ్లి తలుపు మూసి గడియ వేసుకుంది.

“సరిగ్గా పడుతోందా?” అంటూ అలవాటుగా తలుపు తోశాడు. అది కదలలేదు. కాసేపు తటపటాయించి, వేలితో తట్టాడు.

“ఎవరూ?”

“నేనే.”

“నేనే అంటే?”

ఇంతకాలం ఇంట్లో ఆ మాటకు అర్థం అడిగినవారు లేరు. అతను గొంతు సవరించుకున్నాడు.

“నాన్నను. లోపలికి రావచ్చా?”

“ఆలోచించి చెప్తా,” అంది నవ్వు ఆపుకుంటున్న గొంతు.

అతను తడి ఆరని గోడకు ఆనుకోకుండా జాగ్రత్తగా నిలబడి, ఎదురుచూశాడు.